ముందే చెప్పండి, మాట మారితే ఎందుకు మారిందో కూడా చెప్పండి: ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా వైద్యాధికారులకు, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారులకు, ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్న తోటి వైద్యులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరు నగరాల్లో టీకా కేంద్రాల్లో పనిచేసిన వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు, ఏఎన్ఎంలు కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇందులోని విషయాలన్నీ ఇదివరకే వినతిపత్రాలుగా ఇచ్చాం. ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే జనం ముందు పెట్టక తప్పడం లేదు.

శాఖ చేసిన పని చిన్నదని ఎవరూ అనలేరు. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో నాలుగు రాష్ట్రాల్లో కొవిడ్ టీకా డ్రై రన్ (మందు వేయకుండా చేసే రిహార్సల్) చేసినప్పుడు మన రాష్ట్రం నుంచి ఎంచుకున్నది కృష్ణా జిల్లానే. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలితో రాష్ట్రంలో టీకా మొదలైంది. అదే ఏడాది జూన్ 20న ఒక్క రోజులో రాష్ట్రమంతటా 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఇంత పని చేయగలిగిన వ్యవస్థ అర కాగితం మీద ఉన్నదున్నట్టు తెలుగులో రాసి జనం చేతికి ఇవ్వలేదంటే ఎలా ఒప్పుకుంటాం?

టీకాల మీద అపనమ్మకాన్ని జనం అమాయకత్వం ఖాతాలో వేసేయడం మన శాఖలో అలవాటైపోయింది. కేంద్రాల్లో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు కనిపించింది వేరు. ఇబ్బందులు రావచ్చని ముందు చెప్పలేదు. సలహా మారినప్పుడు కారణం చెప్పలేదు. ఎవరికైనా ఏదైనా అయితే పలికే మనిషి లేడు. ఈ మూడు చోట్లా ఖాళీ వదిలేస్తే దాన్ని వాట్సాప్ నింపింది.

ఆ బాకీ ఇప్పుడు పసిపిల్లల దగ్గర తీరుతోంది. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేయాలన్నా, 9 నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేయాలన్నా, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) వేయాలన్నా గుమ్మంలో ఏఎన్ఎంకు ఎదురయ్యే మాట ఒకటే: "కరోనా సూదికి కూడా ఏమీ కాదనే చెప్పారుగా." ఆమె దగ్గర దానికి జవాబు లేదు. ఎందుకంటే ఆ జవాబు పైనుంచి ఆమెకు అందలేదు. తట్టు లాంటి జబ్బును అడ్డుకోవాలంటే ప్రతి వందమంది పిల్లల్లో 95 మందికి రెండు డోసులూ పడాలి. ఒక వీధిలో పది ఇళ్లు వద్దంటే చాలు, జబ్బుకు దారి దొరుకుతుంది.

కింద రాసినవన్నీ సరిదిద్దగలిగినవే.

1. రక్తం గడ్డల సంగతి జనానికి ఆలస్యంగా, అదీ లండన్ కోర్టు వార్తగా తెలిసింది.

ఇది అన్నిటికంటే పెద్ద తప్పు కాబట్టి వివరంగా రాస్తున్నాం. కొవిషీల్డ్ (ఆస్ట్రాజెనెకా టీకాకు మన దేశంలో పేరు) రకం టీకా తర్వాత చాలా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి, అదే సమయంలో రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని 2021 మార్చి, ఏప్రిల్ నాటికే యూరప్‌లో గుర్తించారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే 17న దీనిపై ప్రకటన ఇచ్చింది. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను చూసే జాతీయ కమిటీ లోతుగా పరిశీలించిన 498 తీవ్రమైన కేసుల్లో 26 ఇలాంటివి కావచ్చని తేల్చింది. పది లక్షల డోసులకు 0.61 కేసు. టీకా వేయించుకున్న 20 రోజుల్లోపు ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే కేంద్రానికి రావాలో కూడా ఆ ప్రకటనలోనే ఉంది: ఆయాసం, ఛాతీలో నొప్పి, కాలు గానీ చెయ్యి గానీ వాచి నొప్పి పెట్టడం, సూది గుచ్చిన చోట కాకుండా వేరేచోట సూదిమొనంత ఎర్రమచ్చలు లేదా కమిలిన గుర్తులు, తగ్గని కడుపునొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, కారణం లేకుండా వాంతులు, చూపు మసకబారడం, ఒక పక్క చచ్చుబడటం, మూర్ఛ, మనిషి తికమకపడటం.

ఎంత మంచి జాబితా! ఇది ప్రతి కేంద్రంలో గోడ మీద ఉండాల్సింది. టీకా వేయించుకుని వెళ్లే ప్రతి మనిషి చేతిలో చీటీగా ఉండాల్సింది. మేం పనిచేసిన కేంద్రాలకు మాత్రం అది తెలుగు చీటీగా రానేలేదు. వేసిన తర్వాత చెప్పింది "జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోండి" అన్నంతవరకే.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. టీకా వేసిన పదో రోజున తలనొప్పి తట్టుకోలేని మనిషి వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు. ఆయన నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇస్తాడు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఆ మందు రక్తస్రావాన్ని పెంచుతుంది, కండలోకి సూది గుచ్చిన చోట కూడా రక్తం కారి గడ్డ కడుతుంది. ముందు చేయాల్సింది మామూలు రక్తపరీక్ష, అందులో ప్లేట్‌లెట్ల లెక్క. లక్షన్నర కంటే తక్కువ ఉంటే డీ-డైమర్ (రక్తం గడ్డల జాడ చూపే పరీక్ష) చేయించి, పెద్దాసుపత్రికి పంపాలి. గడ్డ కనబడింది కదా అని అలవాటు ప్రకారం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మొదలుపెట్టకూడదు. ఈ నాలుగు వాక్యాలు ప్రతి ఆర్ఎంపీకి, ప్రతి క్లినిక్‌కు, ప్రతి ల్యాబ్‌కు అంది ఉంటే ప్రాణానికి రక్షణ, టీకాకు పరువు రెండూ దక్కేవి.

మూడేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్ చివర్లో, ఇలాంటి సమస్య చాలా అరుదుగా రావచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుందన్న వార్త వచ్చింది. "ఇన్నాళ్లూ దాచిపెట్టారు" అన్న మాట ఊరంతా పాకింది. ఎప్పుడో 2021లో టీకా వేయించుకున్నవాళ్లు ల్యాబులకు పరుగెత్తి డీ-డైమర్ చేయించుకున్నారు. ఈ సమస్య వచ్చేది టీకా వేసిన 4 నుంచి 42 రోజుల మధ్యనే, ఎక్కువగా మొదటి డోసు తర్వాతే, కాబట్టి మూడేళ్లు దాటిన మనిషికి ఆ భయం అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం ఆ వారంలోనే ప్రతి వార్డు సచివాలయం బోర్డు మీద పడాల్సింది. పడలేదు. నిజానికి దాచింది ఏమీ లేదు, 2021లోనే కాగితం మీద ఉంది. చెప్పాల్సిన చోట చెప్పకపోతే దాచినట్టే లెక్క అని జనం అనుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

మా డిమాండ్: ఏ టీకా అయినా సరే, ఎలాంటి ఇబ్బందులు రావచ్చు, ఎన్ని రోజుల్లోపు రావచ్చు, వస్తే ఎక్కడికి వెళ్లాలి అన్న తెలుగు చీటీ వేసే ముందే ఇవ్వాలి. చదువు రానివాళ్లకు ఏఎన్ఎం చదివి వినిపించాలి. కొత్త ప్రమాదం తెలిసినప్పుడు 72 గంటల్లోగా ఆ చీటీ మార్చాలి.

2. సలహా మారింది, కారణం మారుమూలనే ఉండిపోయింది.

కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 28 రోజులు. 2021 మార్చి 22న 6 నుంచి 8 వారాలు చేశారు. మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు. గడువు పెరిగితే రక్షణ మెరుగ్గా ఉంటుందని విదేశీ ట్రయల్స్‌లో కనిపించింది, అది నిజం. ఆ మే నెలలో టీకాలకు కటకట ఉన్నదీ నిజమే. రెండూ కలిపి చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవారు. మొదటిది మాత్రమే చెప్పేసరికి రెండోది దాచారని పట్టుకున్నారు. రెండో డోసు కోసం తెల్లవారుజామునే లైన్లో నిలబడినవాళ్లను "మీకింకా టైం కాలేదు" అని వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు, కేంద్రంలో ఉన్న నర్సుకు ఆ కారణం కాగితం మీద లేదు. తిట్లన్నీ ఆమే పడింది.

మాస్కు సంగతీ అంతే. ఒంట్లో బాగున్నవాళ్లకు అక్కర్లేదని మొదట్లో అన్నాం, 2020 ఏప్రిల్ 4న ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కయినా సరే కట్టుకోమన్నాం. ప్లాస్మా చికిత్స (కొవిడ్ తగ్గినవాళ్ల రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించడం) వల్ల ఉపయోగం కనబడలేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సొంత ట్రయలే 2020లో తేల్చింది. అయినా జాతీయ మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మే 17న. ఆ మధ్యకాలంలో దాతల కోసం ఎన్ని కుటుంబాలు ఫోన్లు పట్టుకుని తిరిగాయో బ్లడ్ బ్యాంకుల్లో పనిచేసినవాళ్లను అడగండి. ప్రికాషన్ డోసును (మూడో డోసును) 2022 ఏప్రిల్ 10 నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లంతా ప్రైవేటులో డబ్బు కట్టి వేయించుకోవచ్చన్నారు, జులై 15 నుంచి 75 రోజులు ఉచితం అన్నారు. డబ్బు కట్టిన మూడు నెలలూ అది అవసరమా, ఐచ్ఛికమా అన్నదే ఎవరికీ తేలలేదు.

శాస్త్రంలో మాట మారడం తప్పు కాదు. కొత్త లెక్కలు వస్తే మార్చి తీరాలి. అందుకే అడుగుతున్నాం. సలహా మారిన ప్రతిసారీ నాలుగు విషయాలతో అర పేజీ తెలుగు నోటు రావాలి: నిన్నటి సలహా ఏమిటి, ఈరోజుది ఏమిటి, ఏ ఆధారంతో మారింది, పాత సలహా పాటించినవాళ్లు ఇప్పుడేం చేయాలి. నాలుగోది మరీ ముఖ్యం. 28 రోజులకే రెండో డోసు వేయించుకున్నవాళ్లు తమకు వేసింది వృథా అయిందేమోనని నెలల తరబడి అడిగారు. ఆ నోటు పత్రికలకు పంపకముందే కేంద్రాల సిబ్బందికి చేరాలి. ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు: టీవీలో స్క్రోలింగ్ చూసి జనం వస్తారు, సిబ్బందికి జీవో మర్నాడు చేరుతుంది.

3. పదిమంది కోసం ఆగడం ఎందుకో చెప్పాలి.

కొవిషీల్డ్ వయల్‌లో (మందు సీసాలో) 5 మి.లీ. ఉండేది. మనిషికి 0.5 మి.లీ. చొప్పున పది డోసులు. మూత తెరిచాక 4 గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి అన్నది అప్పటి నియమం. కాబట్టి సాయంత్రం నాలుగింటికి ముగ్గురే ఉంటే సిబ్బంది వయల్ తెరవడానికి వెనకాడేవారు. వృథా శాతం పెరిగితే సంజాయిషీ అడిగేది వాళ్లనే. లైన్లో ఉన్న మనిషికి ఇదేమీ తెలిసేది కాదు. "స్టాకు ఉంది, కానీ వేయరట, తమవాళ్ల కోసం దాస్తున్నారట" అనేవాడు.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఉంది. బల్ల మీద చిన్న బోర్డు పెట్టాలి: టీకా పేరు, బ్యాచ్ నంబరు, వయల్ తెరిచిన సమయం, పారేయాల్సిన సమయం, ఇంకా ఎన్ని డోసులున్నాయి. వయల్ లేబుల్ మీద పెన్నుతో తెరిచిన టైం రాయడం నర్సులకు అలవాటే. అదే అంకె జనానికి కనబడేలా రాస్తే చాలు. పదిమంది కాకపోయినా రోజు చివర్లో వయల్ తెరవవచ్చని, దానికి సంజాయిషీ ఉండదని లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి. నోటిమాటగా "వృథా చేయొద్దు, ఎవర్నీ వెనక్కి పంపొద్దు" అని రెండూ ఒకేసారి చెబితే కిందివాళ్లు ఏది వినాలి?

4. కోల్డ్ చైన్ రికార్డు జనం చూసేలా ఉంచాలి.

గన్నవరం స్టోరు నుంచి జిల్లా స్టోరుకు, అక్కడి నుంచి పీహెచ్‌సీకి, అర్బన్ హెల్త్ సెంటర్‌కు, అక్కడి నుంచి క్యారియర్‌లో టీకా వేసే చోటికి మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. మే నెలలో మన ఊళ్ల ఎండ అందరికీ తెలుసు కాబట్టి వేడి గురించి అందరూ అడుగుతారు. చలికి పాడయ్యే ప్రమాదం గురించి సిబ్బందిలోనే చాలామందికి పట్టింపు తక్కువ. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను రాయిలా ఉన్నప్పుడే క్యారియర్‌లో పెడితే దాన్ని ఆనుకున్న వయల్ గడ్డకట్టేస్తుంది. ప్యాక్‌ను బయట పెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. అలాంటివి నాలుగు పెట్టాలి. ఎండాకాలం దీనికి కొద్దిసేపే పడుతుంది, చలికాలం పొద్దున ఎక్కువసేపు పడుతుంది. సెషన్ తొమ్మిదింటికి మొదలుపెట్టాలన్న తొందరలో ఈ అడుగే ఎగిరిపోతుంది. గడ్డకట్టి కరిగిన పెంటావాలెంట్, టీడీ చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. వేసినా రక్షణ సరిగా రాదు, సూది గుచ్చిన చోట వాపు ఎక్కువవుతుంది. అనుమానం వస్తే షేక్ టెస్టు (సీసాను ఊపి, మందు అడుగుకు దిగే తీరు చూసే పరీక్ష) చేయాలి.

పిల్లల టీకాల మీద వీవీఎం అని, వేడి తగిలితే రంగు మారే గుర్తు ఉంటుంది. వలయం లోపలి చతురస్రం దాని చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటేనే వాడాలి. కొవిడ్ టీకా వయళ్ల మీద ఆ గుర్తు ఉండకపోవచ్చని మార్గదర్శకాల్లోనే రాశారు. అప్పుడు ఐఎల్ఆర్ (టీకాలు దాచే ఫ్రిజ్) పక్కన వేలాడే టెంపరేచర్ చార్టు ఒక్కటే ఆధారం. అది తాళం వేసిన గదిలో ఉంటుంది. రోజుకు రెండుసార్లు రాసే ఆ చార్టు కాపీని కేంద్రం బయట అంటించండి. కరెంటు పోయిన గంటలు, జనరేటర్ వేసిన సమయం కూడా అందులో రాయండి. వీవీఎం ఉన్న వయల్‌ను వేసే ముందు తల్లిదండ్రులకు చూపించాలని నియమం పెట్టండి. పది సెకన్ల పని.

5. వేసిన తర్వాత 30 నిమిషాలు నిజంగా కూర్చోబెట్టాలి.

లక్షల డోసుల రోజుల్లో ఈ అరగంట పేరుకే మిగిలింది. కుర్చీలు చాలలేదు, నీడ లేదు. ఆ అరగంట పెట్టింది అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) కోసం. మన దేశంలో కొవిడ్ టీకా తర్వాత జరిగిన మరణాల్లో జాతీయ కమిటీ మొదటిసారి టీకాకు ముడిపెట్టి ధ్రువీకరించినది దీనివల్లనే: 68 ఏళ్ల వ్యక్తి, 2021 మార్చి 8న టీకా వేయించుకున్నారు. ఆ సంగతిని కమిటీ బయటపెట్టింది. అందుకు కమిటీని మెచ్చుకుంటున్నాం. ఆ పాఠం మాత్రం కేంద్రాల దాకా రాలేదు.

సూది భయంతో కళ్లు తిరిగి పడినవాళ్లకూ, అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లకూ తేడా సిబ్బంది అందరికీ తెలియాలి. భయంతో పడితే నాడి నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడి చెమట పడుతుంది, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే నిమిషాల్లో తేరుకుంటారు. అనాఫిలాక్సిస్ అయితే నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది, దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, గొంతు పట్టేస్తుంది, పిల్లికూతలతో ఆయాసం వస్తుంది, పడుకోబెట్టినా బీపీ లేవదు. మందు అడ్రినలిన్ ఒక్కటే. 1:1000 ద్రావణం, పెద్దవాళ్లకు 0.5 మి.లీ., తొడ బయటి వైపు మధ్యభాగంలో కండలోకి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అడ్రినలిన్ అంటే భయపడి ముందు ఎవిల్, హైడ్రోకార్టిసోన్ లాంటి మామూలు అలర్జీ మందులు ఇచ్చి చూద్దామంటారు. అవి పనిచేయడానికి పట్టే టైంలో మనిషి దక్కడు. 108 వచ్చేదాకా ఆగుదామన్నా అంతే.

కిట్‌లో మూడు అడ్రినలిన్ ఆంప్యూళ్లు (చిన్న గాజు సీసాలు) ఉండాలి. ఎండలో, వెలుతురులో ఉంటే రంగు మారి గోధుమరంగుకు తిరుగుతాయి, అలాంటివి పనికిరావు. ప్రతి సెషన్ మొదలయ్యే ముందు గడువు తేదీ, రంగు చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. డాక్టర్ లేని చోట ఏఎన్ఎం మొదటి డోసు ఇవ్వవచ్చని, ఇస్తే ఆమె మీద చర్య ఉండదని ఆమె చేతిలో కాగితం ఉండాలి. ఆ భరోసా లేకే చేతులు వణుకుతాయి.

6. సమ్మతి అడగకుండా నమ్మకం రాదు.

ఖమ్మం మనకు దూరం కాదు. 2009లో అప్పటి మన రాష్ట్రంలోని ఆ జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద డోసులు వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి కూడా తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపగలిగే ఆ టీకా ఆ తర్వాత పదేళ్లకు పైగా జాతీయ కార్యక్రమంలోకి రాలేకపోయింది. సంతకాల దగ్గర అడ్డదారి తొక్కితే మంచి టీకా ఎన్నేళ్లు వెనక్కి పోతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ ఆలస్యానికి మూల్యం కట్టేది ఆడవాళ్లు.

అది తెలిసి కూడా 2021 జనవరి 3న కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే 'క్లినికల్ ట్రయల్ మోడ్' పేరుతో అనుమతి ఇచ్చారు. అప్పట్లో ఆ టీకా వేయించుకునేవాళ్లు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది, కొవిషీల్డ్ వాళ్లకు అక్కర్లేకపోయింది. ఎందుకీ తేడా అని ముందుగా అడిగింది ఆసుపత్రి సిబ్బందే. తర్వాత ఫలితాలు బాగానే వచ్చాయి, 77.8 శాతం రక్షణ అని ప్రచురించారు. అప్పటికే అనుమానం నాటుకుంది.

టీకా వేయించుకోకపోతే రేషన్ ఆగుతుంది, పింఛను ఆగుతుంది అని కింది స్థాయిలో కొందరు బెదిరించారు. దాంతో డోసుల అంకె పెరిగింది, మనుషులు దూరమయ్యారు. 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేరని, అది 21వ అధికరణ కింద శరీరంపై మనిషికున్న హక్కు అని తేల్చింది. టీకా విధానాన్ని మాత్రం సమర్థించింది. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గుంటూరు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసినవారే. ఆ తీర్పు సారం తెలుగులో ప్రతి సచివాలయంలో ఉండాలి. ఏ పథకాన్నీ టీకాతో ముడిపెట్టకూడదని రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి.

7. ఇబ్బంది వచ్చినవాళ్లకు జవాబు ఇవ్వాలి.

టీకా తర్వాత తీవ్రమైన ఇబ్బంది వస్తే ఏఎన్ఎం గానీ డాక్టర్ గానీ 24 గంటల్లో పైకి తెలియజేయాలి. జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి విచారణ చేయించాలి. రాష్ట్ర, జాతీయ కమిటీలు కారణాన్ని వర్గీకరిస్తాయి: టీకా వల్ల వచ్చిందా, వేయడంలో పొరపాటా, భయం వల్లనా, యాదృచ్ఛికంగా అదే సమయంలో వచ్చిన వేరే జబ్బా, లేక తేల్చలేనిదా. పద్ధతి మంచిదే. ఆ ఫలితం కుటుంబానికి మాత్రం చేరదు. కొడుకు పోయిన తల్లికి 'యాదృచ్ఛికం' అన్న మాట నెలల తర్వాత పత్రికలో కనబడితే ఆమె ఎలా నమ్ముతుంది?

వ్యక్తుల వివరాలు బయటపెట్టకుండానే ఈ ఫిర్యాదులు జనమూ ప్రైవేటు డాక్టర్లూ నేరుగా నమోదు చేసేలా, ఎవరైనా చూసేలా ఏర్పాటు ఉండాలని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. మన జిల్లాల వరకు మేం కోరేది ఇది. కుటుంబానికి ఒక నంబరుతో రసీదు ఇవ్వాలి. విచారణ ఏ దశలో ఉందో నెలకోసారి చెప్పాలి. తేలాక వైద్యాధికారి స్వయంగా ఇంటికి వెళ్లి తెలుగులో వివరించి, నివేదిక కాపీ ఇవ్వాలి. పోస్టుమార్టం ఎందుకు అవసరమో మొదటి రోజే మర్యాదగా చెప్పాలి. చాలా కేసులు 'తేల్చలేం' దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం పోస్టుమార్టం జరగకపోవడం.

కుర్రాళ్లు ఆడుతూ, జిమ్‌లో కుప్పకూలి పోయిన ప్రతి వార్త కింద ఇప్పటికీ టీకానే తిడుతున్నారు. 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్ల ఆకస్మిక మరణాలపై 47 ఆసుపత్రుల సమాచారంతో ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని, కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు, ఇంట్లో ఇలాంటి మరణం ఇదివరకే ఉన్నవాళ్లకు, అతిగా మద్యం తాగినవాళ్లకు, తీవ్ర శ్రమ చేసినవాళ్లకు పెరిగిందని అది చెప్పింది. ఇది ఇంగ్లిష్ ప్రెస్ నోట్‌గా మిగిలిపోతే ఏం లాభం? ఆశా కార్యకర్తకు రెండు పేజీల తెలుగు ప్రశ్నోత్తరాలుగా అందాలి.

8. తోటి వైద్యులకు ఒక మాట.

శాఖను అడిగేముందు మన వృత్తిలో జరిగిందీ చెప్పాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో డాక్టర్ల లెటర్‌హెడ్ల మీద రాసిన ప్రిస్క్రిప్షన్లు వాట్సాప్‌లో తిరిగాయి. ఐవర్‌మెక్టిన్, డాక్సీసైక్లిన్, జింక్, వాటితో పాటు మొదటి రోజు నుంచే మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ పనిచేసేది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకని 2020 జూన్‌లోనే తేలింది. డెక్సామెథాసోన్ రోజుకు 6 మి.గ్రా., పది రోజుల వరకు. ఆక్సిజన్ బాగున్న మనిషికి మొదటి వారంలో ఇస్తే మేలు లేదు, కీడుకు అవకాశం ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోజ్ 400 దాటింది, బ్లాక్ ఫంగస్ వచ్చింది, కన్ను తీసేయాల్సి వచ్చింది. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లను ఐసీఎంఆర్ 2021 సెప్టెంబరులో తన మార్గదర్శకాల నుంచి తీసేశాక కూడా వాటిని రాస్తూనే ఉన్నారు.

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న రోగికి కావాల్సింది రెండు సూచనలు. పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గితే ఆసుపత్రికి రండి. ఆరు నిమిషాలు గదిలో నడిచాక ముందున్న అంకె కంటే 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడినా రండి. ఆ రెండూ చెప్పే తీరిక లేక పది మందులు రాశాం. కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరారని ఎగతాళి చేసిన వైద్యులు, ఆ జనం ఫోను చేస్తే ఎత్తిందెవరో కూడా ఆలోచించాలి. అడిగినప్పుడు "ఇంతవరకు తెలుసు, ఇది ఇంకా తెలియదు" అని చెప్పే డాక్టర్‌ను రోగి తక్కువగా చూడడు. మాట దాటేసేవాళ్లనే చూస్తాడు.

సంఘాలుగా మనం చేయగలిగింది ఉంది. మార్గదర్శకం మారిన వారంలోగా ప్రతి క్లినిక్ పాత మందుల చీటీలు తీసేయాలి. లెటర్‌హెడ్ మీద ఊరందరికీ ఒకే ప్రిస్క్రిప్షన్ పంపిన వైద్యుడి మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడానికి మనవాళ్లే వెనకాడకూడదు.

అధికారులకు చివరిగా. వీటిలో తెలుగు చీటీ, వయల్ బోర్డు, బయట అంటించే టెంపరేచర్ చార్టు, అడ్రినలిన్ తనిఖీ సంతకం, ఈ నాలుగింటికీ కొత్త బడ్జెట్ అక్కర్లేదు. రాబోయే బుధ, శనివారాల టీకా సెషన్ల నుంచే మొదలుపెట్టవచ్చు. మిగిలిన వాటికి, అంటే సలహా మారినప్పుడు ఇచ్చే నోటుకు, సమ్మతిపై ఆదేశానికి, ఏఎన్ఎంలకు రాతపూర్వక భరోసాకు, బాధిత కుటుంబాలకు రసీదు పద్ధతికి 30 రోజుల గడువు కోరుతున్నాం. ఒప్పుకోలేనివి ఉంటే ఏవి, ఎందుకు అన్నది తెలుగులో రాసి జిల్లా వైద్యాధికారి కార్యాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టండి. చీటీల ముసాయిదాలు రాసిపెట్టడానికి, సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి మాలో ఎవరిని పిలిచినా జీతం, భత్యం అడగకుండా వస్తాం.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల టీకా కేంద్రాల్లో పనిచేసిన వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు, ఏఎన్ఎంలు